గన్నవరంలో దిగనివ్వని సిమ్: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6, 2025, ఆదివారం

శ్రీరామనవమి. పానకం, వడపప్పు అయ్యాక మేడ మీద గదిలోకి, కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్) ముందుకి చేరాను. గన్నవరంలో లేచి రాజమండ్రి వెళ్ళి, మళ్ళీ గన్నవరం వచ్చి దిగాలని ప్లాన్. సెస్నా 172 అనే చిన్న విమానానికి అటు ముప్పావు గంట, ఇటు ముప్పావు గంట. అంతా సాఫీగానే నడిచింది. చుట్టూ తిరిగొచ్చి రన్‌వే 08కి వరసలోకి వచ్చాను. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచులు) 30 డిగ్రీలు, వేగం 65 నాట్లు, నేల ఇంకో యాభై అడుగులు. బొమ్మ బిగుసుకుపోయింది. ఇంజన్ శబ్దం నత్తి వచ్చినట్టు ఒకే ముక్క మీద అర సెకను కొట్టుకుని ఆగిపోయింది. తర్వాత డెస్క్‌టాప్. వాల్‌పేపర్ మీద మా అమ్మాయి ఫొటో నవ్వుతోంది.

ఉగాది నుంచి ఇది ఐదోసారి. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను.

ముందు సరంజామా సంగతి. కంప్యూటర్ రెండేళ్ళ నాటిది. ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల పవర్ సప్లై. మిగతాదంతా చేత్తో చేసిందే. యోక్, అంటే విమానం స్టీరింగ్, పీవీసీ పైపుది, వంటింటి అరలకు వేసే డ్రాయర్ ఛానెల్స్ మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. విమానం ముక్కుని పక్కలకి తిప్పే రడ్డర్ పెడల్స్ చట్రం ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాను, కీళ్ళు మాత్రం తలుపుల మడతబందులే. ఎంత తొక్కామో కొలవడానికి పెడల్‌కి ఒకటి చొప్పున 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్. రెంటి తేడా చూసి రడ్డర్ ఎంత తిరిగిందో అర్డుయినో ప్రో మైక్రో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు లెక్కగట్టి, జాయ్‌స్టిక్‌లా కంప్యూటర్‌కి చెబుతుంది. యోక్‌కి ఇంకో బోర్డు, స్విచ్‌ల ప్యానెల్‌కి మూడోది. మూడూ కలిసి నాలుగు పోర్టుల యూఎస్‌బీ హబ్‌లోకి వెళ్తాయి.

ఇంట్లో దీన్ని చూసి నవ్వేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఒకటుంది. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ పైలట్లకి నేల మీదే నేర్పే తన మొదటి ట్రైనర్ తయారుచేసింది వాళ్ళ నాన్న ఆర్గాన్ వాద్యాల ఫ్యాక్టరీలోని గాలి తిత్తులతో. సంగీతం పెట్టె సామానుతో పైలట్లని తయారుచేయగా లేనిది, మడతబందులకేం తక్కువ?

తర్వాత చేర్చిన మాట ఒకటి: సిమ్ పేరు ఇక్కడ రాయడం లేదు. దాన్ని నెల రోజులు తిట్టాను, చివరికి తప్పు దానిది కాదని తేలింది. పేరు రాస్తే వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి ఆ తిట్లే గుర్తుంటాయి.

ఏప్రిల్ 13, ఆదివారం

అందరూ చేసే మొదటి పనే నేనూ చేశాను. గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పీకేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి పాత ముక్కలన్నీ తుడిచేసి, కొత్తది వేశాను. గంటన్నర పని. సాయంత్రం ఏడింటికి టేకాఫ్. ఏడు ఇరవైకి కంప్యూటరే ఠక్కున ఆరిపోయి మళ్ళీ దానంతట అదే లేచింది.

డ్రైవర్ సరిపడలేదనుకుని మర్నాడు మధ్యాహ్నం మూడు నెలల కిందటి వెర్షన్ వేశాను. అరగంట ఎగిరాక సిమ్ చెప్పాపెట్టకుండా మాయమైంది. కంప్యూటర్ మాత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉంది.

ఈ రెండూ వేరువేరు లక్షణాలని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు మాత్రం రెంటినీ 'క్రాష్' అని ఒకే ముద్ద చేసి పక్కన పెట్టాను.

ఏప్రిల్ 20, ఆదివారం

సిమ్ మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్. వంద జీబీ దాటింది, రాత్రంతా దిగింది. మర్నాడు ఉదయం ఆరున్నరకి గన్నవరంలో మూడు సర్క్యూట్లు (లేచి, చుట్టూ తిరిగొచ్చి దిగడం) కొట్టాను, ఒక్క తేడా లేదు. ఆఫీసులో అందరికీ టీ నేనే ఇప్పించాను.

ఆ సాయంత్రమే గన్నవరంలో దిగుతుంటే బిగుసుకుంది.

టీ డబ్బులు తిరిగి అడగలేను కదా.

ఏప్రిల్ 27, ఆదివారం

ఈసారి కాస్త పద్ధతిగా వెళ్దామనుకున్నాను. సిమ్‌కి విడిగా తగిలించిన అదనపు ముక్కలు, అంటే యాడ్-ఆన్‌లు మొత్తం పద్నాలుగు. ఏడు తీసేసి చూడాలి, క్రాష్ ఆగితే దొంగ ఆ ఏడింటిలో ఉన్నట్టు. ఆగకపోతే మిగతా ఏడులో. ఆ తర్వాత నాలుగు, రెండు, ఒకటి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే నాలుగు అడుగుల్లో దొరికిపోవాలి. పద్ధతి మంచిదే. కాకపోతే అది పని చేయాలంటే దొంగ ఒక్కడే అయ్యుండాలి.

నాలుగో అడుగులో వేలు గన్నవరం సీనరీ మీదికి వెళ్ళింది. ఎవరో ఇష్టంగా చేసి ఉచితంగా పెట్టిన విమానాశ్రయం బొమ్మ అది. లెక్క కుదిరిందనిపించింది కూడా. శంషాబాద్‌లో పదిసార్లు దిగాను, ఒక్కసారీ బిగుసుకోలేదు. గన్నవరంలో, అదీ సాయంత్రాలు, అదీ దిగేటప్పుడే బిగుసుకుంటోంది. ఇంకేం కావాలి సాక్ష్యం? సీనరీ తీసేశాను. సిమ్‌తో వచ్చిన బోసి రన్‌వే మీద మళ్ళీ దిగాను.

బిగుసుకుంది.

ఆ సీనరీ చేసినాయన ఎవరో గానీ, మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

మే 4, ఆదివారం

నాన్న తెనాలి నుంచి వచ్చారు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ సంగతులు ఆయనకి పట్టవు. సాయంత్రం కాఫీ గ్లాసుతో మేడ మీదికి వచ్చి, నా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను స్క్రీన్ చూస్తున్నాను, ఆయన ట్యూబ్‌లైటు చూస్తున్నారు. నలభై ఏళ్ళ అలవాటు మరి.

ఏడుంపావుకి కంప్యూటర్ ఠక్కున ఆరి, లేచింది.

"ఒరేయ్, ఇది నీ విమానం జబ్బు కాదురా. లైటు కొట్టుకుంది, చూశావా?"

"లేదు నాన్నా. కరెంటు పోలేదుగా?"

"పోలేదు, తగ్గింది. కింద ఏసీ వేసినట్టున్నారు. మీ ఇన్వర్టర్ ఎక్కడ?"

మెట్ల కింద ఇన్వర్టర్ దగ్గరకి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని కాస్త ముందుకి జరిపి, వెనక ఉన్న చిన్న స్విచ్ చూపించారు. రెండు స్థానాలు: ఒకవైపు యూపీఎస్, రెండోవైపు ఎకో. మాది ఎకోలో ఉంది. కొని మూడేళ్ళయింది, అక్కడ స్విచ్ ఉందనే నాకు తెలియదు.

ఇన్వర్టర్‌తో వచ్చిన పుస్తకం వెతికి తీశాను. ఎకోలో ఉంటే అది 100 నుంచి 290 వోల్టుల దాకా ఏది వస్తే అది అలాగే ఇంట్లోకి పంపిస్తుంది. ఫ్యాన్లకీ లైట్లకీ ఇబ్బంది లేదు, బ్యాటరీ కూడా ఆదా. యూపీఎస్ మోడ్‌లో ఉంటే 180 కిందికి దిగగానే బ్యాటరీ మీదికి మారుతుంది, మారడం కూడా చాలా వేగంగా, 10 మిల్లీసెకన్ల లోపు. ఎకోలో ఆ మార్పు తీరుబడిగా జరుగుతుంది.

కంప్యూటర్ పవర్ సప్లై లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి ఉంటుంది. కరెంటు తెగినా, నిండు లోడు మీద అది సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క అలకి 20 మిల్లీసెకన్లు. అంటే ఒక్క అల పూర్తిగా తప్పిపోతే చాలు, దాని ఊపిరి అయిపోతుంది. బ్రౌజర్‌లో వార్తలు చదువుకునేటప్పుడు కంప్యూటర్ లాగేది తక్కువ కాబట్టి ఎలాగో గట్టెక్కేది. సిమ్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కలిసి నాలుగు వందల వాట్లు లాగుతుంటే ఆ వెసులుబాటు లేదు.

కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే ఏడుంపావుకి కెర్నల్-పవర్ 41 అని ఉంది. ఆ 41ని ఇంతకుముందే చూశాను, కారణం అదేననుకుని దాని గురించే గంటలు చదివాను కూడా. అది కారణం కాదు, 'నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయకుండానే మళ్ళీ లేచాను' అని కంప్యూటర్ లేచాక రాసుకునే ఫిర్యాదు మాత్రమే. దాని వివరాల్లోకి వెళ్తే బగ్‌చెక్ కోడ్ అనే గడిలో సున్నా ఉంది. విండోస్ కూలినప్పుడు వచ్చే నీలం తెర వచ్చి ఆగినట్టయితే అక్కడ సాధారణంగా ఏదో ఒక అంకె ఉండేది. సున్నా అంటే కంప్యూటర్‌కి చచ్చేముందు మాట చెప్పే వ్యవధి కూడా దొరకలేదని.

స్విచ్ యూపీఎస్ వైపు నొక్కాను. ఖర్చు సున్నా.

"ఇక సాయంత్రాలు బ్యాటరీ ఎక్కువ వాడుకుంటుంది. నీళ్ళు ఎప్పుడు పోశావు?" అన్నారు నాన్న. నేను మాట మార్చాను. ఆయన మూత తీసి చూసి, ఏమీ అనకుండా నన్ను డిస్టిల్డ్ వాటర్‌కి పంపారు.

మే 6, మంగళవారం

పగలు నేను చేసేది ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాయడం. ముప్ఫై మంది ఖాతాలు చూసేవాణ్ణి, నా క్రాషులన్నీ ఒకే పద్దు కింద రాశాను! నాన్న వెళ్ళాక ఆ సిగ్గుతోనే ఒక లాంగ్ నోట్‌బుక్ తీశాను. గడులు గీశాను: తేదీ, గంట, గదిలో వేడి, ఎక్కడ ఎగురుతున్నాను, బొమ్మ ఏమైంది, శబ్దం ఏమైంది, కంప్యూటర్ బతికే ఉందా. పాతవి కూడా గుర్తున్నంత వరకు ఎక్కించాను. గుర్తులేని గంటలు విండోస్‌లోని రిలయబిలిటీ హిస్టరీలో దొరికాయి. తేదీల వారీగా ఎర్ర ఇంటూ గుర్తులు వరసగా పెట్టి చూపిస్తుంది అది. ఈవెంట్ వ్యూయర్ కంటే కళ్ళకి హాయి.

మొత్తం 23 పద్దులు తేలాయి.

మా అమ్మాయికి సెలవులు, ఏం తోచక స్కెచ్ పెన్నులతో వచ్చింది. కంప్యూటర్ ఆరిపోయిన వాటికి నీలం, సిమ్ మాయమైన వాటికి ఆకుపచ్చ, బిగుసుకున్న వాటికి ఎరుపు వేయమన్నాను. పది నిమిషాల్లో పేజీ రంగులయింది.

"నాన్నా, ఆకుపచ్చవి అన్నీ మధ్యాహ్నం వచ్చాయి. ఎర్రవి అన్నీ సాయంత్రం."

నెల రోజులు నేను చూడనిది అదే. నీలం ఏడు, ఆకుపచ్చ తొమ్మిది, ఎరుపు ఆరు. ఒక్కటి మాత్రం దేనికీ చెందలేదు, దాన్ని సస్పెన్స్ ఖాతాలో వేశాం. ఆ ఖాతా అంటే ఏంటని అడిగింది. ఏ పద్దులో రాయాలో తెలియని డబ్బు తాత్కాలికంగా ఉండే చోటు అని చెప్పాను. "హాస్టల్ లాగా" అంది.

మే 11, ఆదివారం

ఆకుపచ్చ పద్దు.

సిమ్ మాయమైన ప్రతిసారీ ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ ఎర్రర్ 1000 పడుతోంది. ఎక్సెప్షన్ కోడ్ ప్రతిసారీ ఒక్కటే, సి0000005. ప్రోగ్రాం తనది కాని మెమరీ గడిని ముట్టుకోబోయిందని దానర్థం. దాని కిందే తప్పు ఏ ఫైలులో జరిగిందో ఉంటుంది. అసలు విషయం అక్కడుంది. ఒకరోజు గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు, ఒకరోజు విండోస్ సొంత ఫైలు, ఇంకోరోజు సిమ్ ఫైలు. ఒకే ఫైలు పేరు పదేపదే వస్తే దాన్ని పట్టుకోవచ్చు. రోజుకో పేరు వస్తోందంటే ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళని కాదు, ఇంటి గోడనే అనుమానించాలి. గోడ అంటే ర్యామ్, ప్రోగ్రాములన్నీ వాడుకునే మెమరీ.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, శుక్రవారం రాత్రి పడుకునేముందు మొదలుపెట్టాను. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు (విడతలు) చేసి ఆగుతుంది. తెల్లారి చూస్తే నాలుగూ అయ్యాయి, తప్పులు సున్నా. నీరుగారిపోయాను.

అప్పుడు నోట్‌బుక్‌లో 'గదిలో వేడి' గడి మళ్ళీ చూశాను. ఆకుపచ్చ పద్దుల దగ్గర 37, 38, 39. రాత్రి పరీక్ష చేసినప్పుడు గదిలో 30. బెజవాడ మేలో మేడ మీద గది ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. స్లాబ్ నేరుగా ఎండకి, ఏసీ కింద బెడ్‌రూంలో.

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, ఫ్యాన్ మాత్రమే వేసి, అదే పరీక్ష మళ్ళీ పెట్టాను. గదిలో 38. రెండున్నరకి వెళ్ళి చూస్తే, రెండో పాస్‌లో తప్పుల అంకె 3. రాసిన సంఖ్యా, చదివిన సంఖ్యా పక్కపక్కన చూపిస్తుంది అది. ఎనిమిది అక్షరాల్లో ఏడు అచ్చం ఒకటే, ఒక్కటి తేడా. 32 జీబీలో ఒక్క బిట్ ఎండకి సొమ్మసిల్లింది.

ఎందుకంటే, తప్పు నాదే. ముందు 16 జీబీ కడ్డీ ఒకటి కొన్నాను, ఏడాది తర్వాత అదే మోడల్ ఇంకొకటి. పేరు ఒకటే గానీ జంటగా పరీక్షించి అమ్మినవి కావు. పైగా కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేసి రెంటినీ 3600 వేగంతో నడుపుతున్నాను. ఎక్స్ఎంపీ అంటే చాలామంది 'మామూలు సెట్టింగే' అనుకుంటారు. నిజానికి అది ప్రామాణిక వేగాన్ని దాటి పరిగెత్తించడమే. విడిగా కొన్న రెండు కడ్డీలు, గదిలో 38 డిగ్రీల ఎండలో, కలిసి ఆ వేగం అందుకోవాలని నియమమేమీ లేదు.

ఎక్స్ఎంపీ తీసేస్తే 2133కి దిగింది. సిమ్ నడుస్తుంది గానీ విజయవాడ మీదుగా వెళ్తుంటే ఇళ్ళ దగ్గర బొమ్మ ఈడుస్తోంది.

మే 14, బుధవారం

ర్యామ్ 3200 దగ్గర స్థిరపడింది. మూడు మధ్యాహ్నాలు పరీక్ష పెట్టాం. నేను ఆఫీసులో ఉంటే మా అమ్మాయి ఫోన్‌లో చెప్పింది: "సున్నా నాన్నా, ఇంకా సున్నా." 3600తో పోలిస్తే సెకనుకి కనబడే బొమ్మలు (ఫ్రేములు) మూడు నాలుగు తగ్గాయి. పోనీ.

మే 18, ఆదివారం

ఎరుపు మిగిలింది. సాయంత్రం, గన్నవరం, నేల దగ్గర.

నీలం, ఆకుపచ్చ పోయాక ఎరుపు ఒంటరిగా కనబడటం మొదలైంది. ఇదివరకు మూడూ కలిసి గోల చేస్తుంటే ఏ మాట ఎవరిదో తెలిసేది కాదు. ఈ సాయంత్రం కావాలనే గన్నవరం వెళ్ళాను, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని. స్పీకర్లకి బదులు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. బిగుసుకునే ముందు, ఇంజన్ శబ్దం వెనక, సన్నగా వినిపించింది. యూఎస్‌బీ పీకేసినప్పుడు విండోస్ చేసే శబ్దం, డు-డుంగ్.

సిమ్ ఫుల్ స్క్రీన్‌లో ఉండగా నోటిఫికేషన్లు రాకుండా నేనే ఆపుకున్నాను. ఆపకపోయుంటే మొదటి రోజే కనబడేది. నోటిఫికేషన్లు పెట్టుకుని మళ్ళీ దిగాను. నేల దగ్గర, రడ్డర్ తొక్కుతుండగా: 'పవర్ సర్జ్ ఆన్ ది యూఎస్‌బీ పోర్ట్', అంటే పోర్టు ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు లాగుతున్నారని. హబ్ మొత్తం పడిపోతోంది. యోక్, పెడల్స్, ప్యానెల్ మూడూ ఒకే క్షణంలో మాయమయ్యేసరికి సిమ్ తడబడి బిగుసుకుంటోంది.

హబ్‌కి సొంత అడాప్టర్ లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. మూడు బోర్డులు, ప్యానెల్ మీద పదహారు ఎల్ఈడీలు. అదే ఎక్కువైందనుకుని గవర్నర్‌పేటలో అడాప్టర్ ఉన్న హబ్ కొనుక్కొచ్చాను. ధీమాగా దిగాను.

డు-డుంగ్.

కానీ ఈసారి కుర్చీలోంచి లేవలేదు. గన్నవరంలోనే ఎందుకు? శంషాబాద్‌లో ఎందుకు కాదు? నోట్‌బుక్‌లో నేను గీయని గడి ఒకటుంది: గాలి. సిమ్ అసలు వాతావరణాన్ని తెచ్చుకుంటుంది. మాకు వేసవి సాయంత్రాలు సముద్రం వైపు నుంచి, ఆగ్నేయం నుంచీ దక్షిణం నుంచీ గాలి తిరుగుతుంది. రన్‌వే 08 మీద తూర్పుకి మొహం పెట్టి దిగుతుంటే ఆ గాలి కుడివైపు నుంచి కొడుతుంది. కుడి గాలికి కుడి రెక్క కాస్త వంచి, విమానం ముక్కు రన్‌వే గీత మీంచి తప్పుకోకుండా ఎడమ రడ్డర్ తొక్కాలి. 172కి తయారీదారు చేసి చూపించిన అడ్డగాలి 15 నాట్లు. ఆ సాయంత్రాలు నాకు గుర్తున్నంత వరకు పది, పన్నెండు. నాలాంటి వాడు అంత గాలికి కంగారుపడి పెడల్‌ని కట్టకడదాకా తొక్కేస్తాడు.

మిగతా ఎగరడం అంతా చూస్తే సెస్నాకి కావలసింది కుడి కాలే. టేకాఫ్‌లో ప్రొపెల్లర్ తిరుగుడుకి ముక్కు ఎడమకి లాగుతుంది, కాబట్టి కుడి రడ్డర్. ఎడమ పెడల్ చివరిదాకా వెళ్ళేది అరుదు. శంషాబాద్‌లో నేను దిగినన్నిసార్లూ గాలి దాదాపు ఎదురుగానే ఉంది, అందుకే అక్కడ ఏమీ కాలేదు. ఉదయం ఆరున్నరకి గన్నవరంలో అసలు గాలే లేదు. నేను ఆఫీసులో టీ ఇప్పించిన ఉదయం అదే.

పరీక్షించడానికి విమానం ఎగరాల్సిన పని కూడా లేదు. సిమ్ ఆపేసి, డెస్క్‌టాప్ మీదే, ఎడమ పెడల్ చివరిదాకా తొక్కాను.

డు-డుంగ్.

మే 19, సోమవారం

రాత్రి తొమ్మిదింటికి పెడల్స్ చట్రం తిరగేసి నేల మీద పెట్టాను. యూఎస్‌బీ పీకేసి, పెడల్ తీగలు బోర్డు నుంచి విడదీశాను. మల్టీమీటర్ ఒక మొన ఎర్ర తీగకి, అంటే 5 వోల్టుల తీగకి, రెండోది నల్ల తీగకి. మధ్యలో పొటెన్షియోమీటర్ ఉంది కాబట్టి 9.7 కిలో ఓమ్‌లు చూపించింది, సరిగ్గా ఉంది. మా అమ్మాయిని పెడల్‌ని చేత్తో మెల్లగా తోయమన్నాను. 9.7. 9.7. 9.7. చివరి అర అంగుళంలో అంకె కుప్పకూలి 0.6 ఓమ్ అయింది, వదలగానే మళ్ళీ 9.7.

"ఇంకోసారి తోయనా?" అంది. ఆరుసార్లు తోయించాను. ఆరుసార్లూ అదే.

టార్చి పెట్టి చూస్తే మడతబందు రెండు రేకుల మధ్య ఎర్ర తీగ. చేసిన రోజు తీగని ఒక జిప్ టైతో పైకి కట్టాను. ఆ టై ఎప్పుడో జారి, తీగ కిందికి వేలాడి, బందు మూసుకునేటప్పుడు దాని అంచు కింద పడుతోంది. రోజూ కొంచెం కొంచెం నలిగి, పైతొడుగు గోరంత మేర గీరుకుపోయి, లోపల రాగి పోగులు మెరుస్తున్నాయి. పోగుల్లో రెండు తెగి మీసాల్లా బయటికి లేచాయి. పెడల్ చివరిదాకా వెళ్తే ఆ మీసాలు ఇనుప చట్రానికి తగులుతున్నాయి.

తగిలితే మాత్రం ఏమవ్వాలి? చట్రం ఉత్త ఇనుమే కదా, కరెంటుతో దానికేం సంబంధం? ఇక్కడ నా అతితెలివి ఉంది. డిసెంబర్‌లో రడ్డర్ రీడింగ్ వణుకుతోందని, చట్రాన్ని నల్ల తీగకి, అంటే గ్రౌండ్‌కి కలిపాను. వణుకు తగ్గింది, మెచ్చుకుంటూ ఫొటో కూడా తీసుకున్నాను. ఆ రోజు నుంచి చట్రమంతా గ్రౌండే. ఎర్ర తీగ ఎక్కడ తగిలినా షార్టే. 5 వోల్టులని 0.6 ఓమ్ మీద షార్ట్ చేస్తే లెక్క ప్రకారం ఎనిమిది ఆంపియర్లు. పోర్టు అంత ఇవ్వదు, భయపడి మూసేసుకుంటుంది. ఆ భయమే నా కంప్యూటర్‌ని కాపాడింది, కొత్త హబ్‌కి పెట్టిన డబ్బుని మాత్రం కాపాడలేదు.

పాత తీగ పూర్తిగా తీసేశాను. అతికించి టేపు చుట్టడం తేలికే, కానీ వంగే చోట అతుకు ఉంటే ఎప్పటికైనా మళ్ళీ నేనే కూర్చోవాలి. మల్టీ స్ట్రాండ్ సిలికాన్ తీగ వేశాను, మెత్తగా ఉంటుంది, వేల వంపులకి ఓర్చుకుంటుంది. బందు మీదుగా కాకుండా పక్కనుంచి ఒక వదులు మెలిక వదిలి, రెండు చివర్లా స్క్రూతో బిగించే క్లిప్పులు పెట్టాను. జిప్ టైలకి ఇక ఈ ఇంట్లో పని లేదు. సోల్డరింగ్ ముగిశాక హీట్ ష్రింక్ ట్యూబ్ మీదికి మా అమ్మాయే లైటర్ మంట దూరంగా ఆడించింది. అది ముడుచుకుని తీగని పట్టేసుకుంటుంటే, బజ్జీ నూనెలో పడ్డట్టు ఉందంది. ఐదు వోల్టుల దారిలో బోర్డు ముందు 500 మిల్లీ ఆంపియర్ల చిన్న ఫ్యూజు కూడా పెట్టాను. ఈసారి తగిలితే అది పోయి, హబ్ నిలబడుతుందని ఆశ.

మే 25, ఆదివారం

రోహిణి కార్తె. గదిలో మధ్యాహ్నం 39. కావాలనే ఆ వేడిలోనే మొదలుపెట్టాను. గన్నవరం నుంచి రాజమండ్రి, తిరుగుప్రయాణం, సాయంత్రం కింద ఏసీ వేయించి మరీ. ఏడు ఐదుకి ట్యూబ్‌లైటు ఒకసారి కొట్టుకుంది, ఇన్వర్టర్ బీప్‌మంది, కంప్యూటర్ కదలలేదు. దిగేటప్పుడు గాలి 150 డిగ్రీల నుంచి, అంటే ఆగ్నేయం వైపు నుంచి, 11 నాట్లు. ఎడమ పెడల్ కట్టకడదాకా తొక్కాను. ముక్కు గీత మీదికి వచ్చింది. ముందు కుడి చక్రం, తర్వాత ఎడమది, చివరికి ముందు చక్రం. లాండింగ్ మెత్తగా ఏమీ లేదు, రెండుసార్లు ఎగిరింది కూడా. కానీ రన్‌వే చివరిదాకా బొమ్మ నడిచింది.

నాన్నకి ఫోన్ చేశాను. "బ్యాటరీ నీళ్ళు చూశావా?" అన్నారు.

జూన్ 1, ఆదివారం

వారం గడిచింది, కొత్త పద్దు ఒక్కటీ పడలేదు. సస్పెన్స్ ఖాతాలోది మాత్రం అలాగే ఉంది. ఏప్రిల్ 16 రాత్రి పదకొండింటికి, చల్లటి వేళ, గాలి లేదు, లైటు కొట్టుకోలేదు, సిమ్ మెనూలోనే మాయమైంది. దాన్ని ఏ రంగులోకీ నెట్టదలచుకోలేదు.

ఈ రోజు చేసిన పని ఇంకొకటుంది. ఎడమది విప్పినప్పుడు కుడి పెడల్ తీగ ఎలా ఉందో చూడలేదన్న సంగతి నిన్న రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. పొద్దున్నే చట్రం తిరగేశాను. కుడివైపు జిప్ టై కూడా జారే ఉంది. ఎర్ర తీగ మీద బందు అంచు నొక్కిన గుర్తు, పైతొడుగు సగం దాకా తెగింది, రాగి ఇంకా బయటపడలేదు. టేకాఫ్‌లో రోజూ తొక్కే కాలు ఇదే, కానీ చివరిదాకా తొక్కను కాబట్టి బతికిపోయింది. దీనికీ సిలికాన్ తీగ, క్లిప్పులు వేశాను. ముక్కు పైకీ కిందికీ సరిచేసే ఎలివేటర్ ట్రిమ్ చక్రం కోసం తెచ్చిన తీగ ఇందులో అయిపోయింది. గవర్నర్‌పేటలో ఈ తీగ అమ్మే షాపు ఆదివారం మూసి ఉంటుంది, రేపు ఆఫీసు నుంచి వస్తూ తేవాలి.